ట్రైసైక్లజోల్ వరికి టానిక్కు కాదు

“తెగులు కనిపించినా కనిపించకపోయినా పదిహేను రోజులకోసారి ట్రైసైక్లజోల్ కొట్టండి, అన్ని తెగుళ్లూ పోతాయి, మచ్చలు మానతాయి, మోతాదు పెంచితే ఇంకా మేలు, కోతకు ముందు కొడితే గింజ నిగనిగలాడుతుంది.” యాసంగి నాట్లు ముగిసినప్పటి నుంచి సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా రైతుల ఫోన్లలో తిరుగుతున్న సందేశమిది. ట్రైసైక్లజోల్ నిజానికి వరిలో శిలీంధ్రం వల్ల వచ్చే అగ్గితెగులుకు కొట్టే మందు.

అన్ని తెగుళ్లూ పోతాయన్నది అన్నిటికంటే పెద్ద పొరపాటు. అగ్గితెగులు శిలీంధ్ర బీజం మంచుతడిలో ఆకుపై మొలకెత్తి చిన్న గుమ్మటం వంటి నిర్మాణాన్ని కట్టుకుంటుంది. దాని గోడకున్న మెలనిన్ అనే నల్లని పూత వల్ల లోపల కారు టైరులోని గాలికి దాదాపు 40 రెట్ల ఒత్తిడి నిలుస్తుంది; ఆ బలంతోనే అది ఆకు పొరను చీల్చుకొని లోనికి దిగుతుంది. ట్రైసైక్లజోల్ చేసేదల్లా ఆ మెలనిన్ తయారు కాకుండా అడ్డుకోవడమే. పాముపొడ తెగులును అది ఆపలేదు. దానికి హెక్సాకొనజోల్ గానీ వాలిడామైసిన్ గానీ లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు వాడాలి. ఎండాకు తెగులు బ్యాక్టీరియా వల్ల వచ్చేది గనుక దానిపై ఈ మందు ఖర్చు పూర్తిగా దండగ.

మచ్చలు మానతాయన్న మాటా ఇక్కడే వీగిపోతుంది. శిలీంధ్రం లోనికి దిగకుండా ఆపే మందు, దిగిన చోట ఏర్పడిన నూలుకండె ఆకారపు మచ్చను చెరపలేదు. కొత్త ఆకులకు సోకకుండా మాత్రమే కాపాడుతుంది. అగ్గితెగులును తట్టుకోలేని సాంబమసూరి వంటి సన్నాలు వేసి, రాత్రి చలి, మంచు, మబ్బు కలిసినప్పుడు ముందుగానే కొట్టమంటే అందులో అర్థముంది. ఆ వాతావరణంలో యూరియా కుమ్మరిస్తూ మందు కొట్టడం మాత్రం ఒక చేత్తో తెగులును పిలిచి మరో చేత్తో తరమడమే.

మోతాదు విషయానికొస్తే, 75 శాతం పొడిమందు లీటరుకు 0.6 గ్రాములు, అంటే ఎకరాకు 200 లీటర్ల నీటిలో 120 గ్రాములు సరిపోతుంది. మందు రెట్టింపు చేసేవారిలో చాలామంది నీటిని సగానికి తగ్గిస్తారు. (ట్యాంకులు మోయడం కష్టమే, కాదనను.) తడవని ఆకుకు ఎంత చిక్కని మందైనా రక్షణ ఇవ్వదు.

గింజ మెరుపుకూ ఈ మందుకూ సంబంధమే లేదు. కోత ముందు కొడితే గింజలో మిగిలేది అవశేషమే. బియ్యంలో దీని పరిమితిని ఐరోపా సమాఖ్య 2017లో కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01 మిల్లీగ్రాముకు దించింది. మెడవిరుపు (అగ్గితెగులు వెన్ను మెడకు సోకడం) భయముంటే మందు పడాల్సింది వెన్ను పైకి వచ్చే వేళలోనే. గింజ గట్టిపడ్డాక కొట్టిన మందు ఆ తెగులును ఆపలేదు.