పన్నెండో చుక్క

(ధనుర్మాసం, శుక్రవారం, తెల్లవారుజామున అయిదు గంటలు. కందుకూరులో ఓ ఇల్లు. గేటు ముందు 1984 మోడల్ జీపు. దాని పెట్రోల్ ఇంజన్ పీకేసి డీఐ డీజిల్ ఇంజన్ బిగించి ఏడాదైంది. ఆ ఏడాదిలో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకున్న మాటల్లో సగం దాని గురించే. మిగతా సగం దాని వల్ల.)

ఆవిడ: ఏమండీ, లేవండి. మీ జీపు ముగ్గేసింది.

ఆయన: జీపు ముగ్గెయ్యడమేందే?

ఆవిడ: నేను పదకొండు చుక్కలు పెట్టి లోపలికొచ్చా. మళ్లీ పోయేసరికి పన్నెండోది అది పెట్టింది. ఇప్పుడు మెలిక ఎట్టా తిప్పను?

ఆయన: మంచు పడుంటుందిలే.

ఆవిడ: పసుపు రంగు మంచా? సోమవారం ఆకుపచ్చ చుక్క పడింది. బుధవారానికి వెలిసిపోయింది. ఇంజన్‌ను చల్లబరిచే ఆ పచ్చ కూలెంట్ అయిపోయి బోరు నీళ్లు పోస్తున్నారని అప్పుడే అనుకున్నా. ఇవాళ పసుపు. నా పసుపు డబ్బా యాడుంది?

ఆయన: లారీ డ్రైవర్లు వేస్తారే! రేడియేటర్‌లో రెండు చెంచాలు వేస్తే చిల్లు పూడుకుపోతుంది.

ఆవిడ: రెండు చెంచాలకు కిలో డబ్బా ఖాళీ అయిందా?

ఆయన: చిల్లు ఎంతుందో తెలియదు కదా. చెయ్యి కాస్త వాల్చా.

ఆవిడ: పసుపుకు చిల్లేదో, లోపలి సన్న గొట్టమేదో ఎట్టా తెలుసు? అన్నిటినీ పూడ్చుకుంటూ పోతుంది. నా పసుపు కుంకుమలు చల్లగా ఉండాలని నేను మాలకొండ స్వామికి మొక్కుకుంటే, మీరు పసుపు తీసుకెళ్లి జీపులో పోశారా!

ఆయన: చల్లగా ఉండాలనేగా నేనూ పోసింది.

(ఆవిడకు నవ్వొచ్చింది. చేతిలో చీపురు ఉంది కాబట్టి నవ్వలేదు.)

ఆవిడ: రేపు శనివారం. ఆ గుడి తలుపులు తీసేదే వారానికి ఆ ఒక్కరోజు. పోయిన వారం ఇది ఘాట్ రోడ్డు మధ్యలో ఆవిరి కక్కితే, అక్కణ్నించే దండం పెట్టుకుని వచ్చాం. స్వామి మనల్ని చూశాడో లేదో గానీ, కొండెక్కే జనమంతా చూశారు.

ఆయన: నేనేమన్నా ఊరికే కూర్చున్నానా? రేడియేటర్ మూత మార్చా. వాటర్ పంపు మార్చా.

ఆవిడ: పంపు కారిందా?

ఆయన: పంపు పోతే దాని అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి కారుతుంది.

ఆవిడ: కారిందా అని అడుగుతున్నా.

ఆయన: లేదు. పొడిగానే ఉంది. అయినా మార్చా. ఇక మిగిలింది ఇంజన్ హెడ్డు కింద ఉండే అతుకు రేకు, హెడ్ గాస్కెట్. అది పోతే ఇంజన్ ఆయిలు పాలు కలిపిన కాఫీలా అవుతుంది, పొగ తెల్లగా వస్తుంది, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా లేస్తాయి.

ఆవిడ: వీటిలో ఎన్నొచ్చాయి?

ఆయన: ఒక్కటీ రాలా.

ఆవిడ: మరి హెడ్డు ఎందుకు విప్పడం?

ఆయన: టెన్షన్‌గా ఉందే. మెకానిక్ కూడా మూత తీసి, అక్కడ గాలి పంపు బిగించి, మూత మీదున్న 0.9 బార్ దాకా గాలి కొట్టి పావుగంట చూశాడు. ముల్లు కదల్లా. ఆ ఒత్తిడి ఉంటే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు తెలుసా? 118 దాకా ఓర్చుకుంటాయి.

ఆవిడ: ఆ ఓర్పు నాకూ ఉంది. గాలి కొట్టింది ఎప్పుడు?

ఆయన: మధ్యాహ్నం. ఇంజన్ ఇంకా వెచ్చగా ఉండగా.

ఆవిడ: అదీ సంగతి! సాయంత్రం మీరు తిరిగొచ్చి ఆపినప్పుడు కింద ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. తెల్లవారుజామున చలికే కారుతుంది. నెల నుంచి ముగ్గు చెడుతున్నది నాది, నన్నడిగారా?

ఆయన: (మంచం దిగి) ఆగాగు. వేడికి ఉబ్బి మూసుకుంటోంది, చల్లారాక ముడుచుకుని వదిలేస్తోంది... అంటే రబ్బరు గొట్టాన్ని బిగించే హోస్ క్లిప్పు! చుక్క పడేది బంపరు కింద కాబట్టి రేడియేటర్ అడుగున ఉండే బాటమ్ హోసే!

ఆవిడ: మన మిద్దె కారినప్పుడు నీళ్లు పడ్డచోటే పగులుందా? వంటింటి మీద పగిలితే, దూలం పట్టుకుని వచ్చి దేవుడి గదిలో పడలా? ముందు అతుకులన్నీ గుడ్డతో తుడవండి.

(ఆయన టార్చి పట్టుకున్నాడు. ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి ప్రతి అతుకు మీదా ముగ్గుపిండి రాల్చింది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని కాఫీ తాగారు. రెండో గ్లాసు అయ్యేసరికి తెల్లటి పిండి మీద అగ్గిపుల్లంత తడి గీత కనిపించింది. పైన, టాప్ హోస్ క్లిప్పు కింద పుట్టింది. హోసు పొట్ట వెంట జారి, ఫ్యాన్ కవరు అంచు దాటి, అడుగు ఇనుప బద్దె పట్టుకుని ముందుకొచ్చి, బంపరు కొసన చుక్కై వేలాడుతోంది.)

ఆవిడ: క్లిప్పు విప్పండి. చల్లగానే ఉందిగా.

ఆయన: ఇప్పుడా? వెలుతురు రానీ.

ఆవిడ: విప్పండి.

(విప్పాడు. హోసుతో పాటు నల్లగా చుట్టచుట్టుకున్నది ఏదో బయటికొచ్చింది.)

ఆవిడ: ఇదేంది? పిల్లోడి సైకిల్ ట్యూబు! పక్కింటివాడు ఎత్తుకుపోయాడని ఆర్నెల్లు వాళ్లతో మాట్లాడలేదు నేను!

ఆయన: ఇంజన్ ఒక బండిది, రేడియేటర్ ఇంకో బండిది. దీని మూతి సన్నం, దాని మూతి లావు. ఆ లావుకు సరిపోయే హోసు తెస్తే ఈ వైపు వదులైంది. సందులో ట్యూబు చుట్టి బిగించా.

ఆవిడ: 2022లో మన కందుకూరును ప్రకాశంలోంచి పీకి నెల్లూరులో కలిపారే, వాళ్లేమన్నా మధ్యలో సైకిల్ ట్యూబు చుట్టారా?

ఆయన: (కాస్త ఆలోచించి) కాయితాలు చుట్టారు.

(పొద్దున్నే నెల్లూరు బస్సెక్కి పోయి, ఒక కొస సన్నం, ఒక కొస లావు ఉన్న రిడ్యూసర్ హోసూ రెండు కొత్త క్లిప్పులూ తెచ్చాడు. పసుపు నీళ్లు పోయి తేటబడేదాకా రేడియేటర్ కడిగేసరికి వాకిలంతా పేరంటం జరిగినట్టుంది. తర్వాత బోరు పైపు అందుకున్నాడు.)

ఆవిడ: ఆ నీళ్లు ముట్టుకోబాకండి! స్టీలు బిందెకే నెల తిరక్కుండా తెల్ల పొర కడుతోంది, ఇంక దాని కడుపులో ఏం కట్టిందో.

ఆయన: తెచ్చాలేవే డిస్టిల్డ్ వాటర్. సగం అదీ, సగం కూలెంటూ.

ఆవిడ: అయినా దీన్ని ర్యాంపు ఎక్కించి ఈ ముక్కు పైకెత్తడమేంది, అలిగిన అల్లుడిలాగా?

ఆయన: లోపల గాలి చిక్కుకోకుండా. రేడియేటర్ మూతి అన్నిటికంటే ఎత్తులో ఉంటే గాలంతా అటే పోతుంది. ఇది మాత్రం నాకు తెలుసు.

(శనివారం. తెల్లవారుజామున అయిదు గంటలు.)

ఆవిడ: ఏమండీ.

ఆయన: (దుప్పటి లోంచి) పదకొండేగా?

ఆవిడ: పన్నెండు.

ఆయన: పసుపా, పచ్చా?

ఆవిడ: నలుపు. జిడ్డుగా ఉంది.

(దుప్పటి కాసేపు కదల్లేదు.)

ఆయన: అది లీకు కాదే. దిష్టిచుక్క.