సవరణ: ఆ ఫొటోలోది మసీదు కాదు

మొన్న ఫిలిప్పీన్స్‌లోని మిందనావో చెక్కడాల గురించి పెట్టిన పోస్టులో రెండు తప్పులున్నాయి. ఫొటోలో ఉన్నది పాత మసీదు అన్నాను. దాని మీది ఒకిర్ అనే లతల నగిషీ అరబ్బు వర్తకులతోనే వచ్చిందనీ రాశాను. సరిచూసుకోకుండా రాశాను, పొరపాటు నాదే.

అది టొరొగన్. లనావ్ సరస్సు చుట్టూ ఉండే మరనావ్ ప్రజల్లో దాతు, అంటే నాయకుడు, కుటుంబంతో ఉండే పెద్దిల్లు. లావుపాటి మొద్దు స్తంభాలను నేలలో పాతకుండా రాళ్ల మీద నిలబెడతారు. భూకంపాలను తట్టుకోవడానికి అదే ఉపాయం! ముందువైపు రెక్కల్లా పొడుచుకొచ్చిన దూలపు కొసలను పనొలొంగ్ అంటారు. నాగు మెలికలు, ఫెర్న్ చుట్లు చెక్కేది వాటి మీదే. మరాంతావ్‌లోని కవాయన్ టొరొగన్‌ను 2008లో జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించారు.

ఇక ఒకిర్ మూలాలు ఇస్లాం రాకకు ముందువేనన్నది ఫిలిప్పీన్ కళాచరిత్ర రచనల్లో విస్తృతంగా కనిపించే మాట. నాగు బొమ్మే అందుకు గట్టి ఆనవాలు. భారతీయ ప్రభావం ఆగ్నేయాసియా అంతటా వదిలిన జాడల్లో అదొకటి. ఇస్లాం వచ్చాక ప్రాణుల రూపాలు లతల్లో కలిసిపోయాయి గానీ, పూర్తిగా పోలేదు. నోట చేప పట్టుకున్న సరిమనోక్ పక్షి ఇప్పటికీ మరనావ్ కళకు గుర్తే.

పాత పోస్టులో ఫొటో కింది వ్యాఖ్య మార్చాను. ఇప్పటికే షేర్ చేసినవాళ్లు ఇది కూడా జతచేయండి.