పద్నాలుగేళ్లు మేయర్ లేని ఊళ్లో రాజ్యాంగం ఏం చేస్తున్నట్టు?

రాజ్యాంగం అనగానే మనవాళ్లు నేరుగా ఢిల్లీకి వెళ్లిపోతారు. అంత దూరం ఎందుకు, మా తిరుపతినే చూడండి. 2007లో మున్సిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది, దానికి తొలి ఎన్నికలు మాత్రం 2021 మార్చిలో గానీ జరగలేదు. ఈలోగా ఐదుగురు ముఖ్యమంత్రులు, మూడు పార్టీలు. ఆ ఐదుగురిలో ఇద్దరు అప్పటి మా చిత్తూరు జిల్లావాళ్లే మళ్లీ!

పట్టణ పాలకవర్గం గడువు ఐదేళ్లే, అది ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తవ్వాలి అని 243యు అధికరణం 1993 నుంచీ చెబుతోంది. వార్డుల విభజన కాలేదనో, ఓటర్ల జాబితా తేలలేదనో సాకులు చెప్తే కుదరదని 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. ఆ మరుసటి ఏడాది నుంచి మేం విన్నవి అవే సాకులు, చుట్టుపక్కల పంచాయతీల విలీనం, డివిజన్ల లెక్క, కోర్టు కేసులు అంటూ. అన్నేళ్లూ ఆఫీసర్ల పాలనే. కొర్లగుంటలో కాలువ పొంగితే అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోవాలి, అక్కడున్నాయన మంచోడైతే పనవుతుంది, ఆయన బదిలీ అయితే కథ మళ్లీ మొదటికి. ఇంటి పన్ను మాత్రం కట్టాల్సిందే, ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టారని నిలదీయడానికి మనం ఓటేసిన మనిషి ఒక్కడూ లోపల లేడు. తీరా ఎన్నికలొచ్చాక చాలా డివిజన్లు ఏకగ్రీవం, అక్కడివాళ్లకి అప్పుడూ ఓటు వేసే పని పడలేదు, అది వేరే కథ.

అదే రాజ్యాంగం, అదే తరహా అధికరణం, 2020లో మాత్రం గట్టిగా పనిచేసింది. రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదిస్తూ ప్రభుత్వం ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ తెస్తే, మే 29న హైకోర్టు కొట్టేసింది, ఆ ఆర్డినెన్స్‌తో పదవి పోయిన కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ మళ్లీ కుర్చీలోకి వచ్చారు. తేడా ఎక్కడుందంటే, అక్కడ నష్టపోయిన మనిషి ఫలానా అని కనబడుతున్నాడు, కోర్టుకెక్కాడు. ఇక్కడ నష్టం ఊరందరిదీ, అంటే ఎవరిదీ కాదన్నమాట. పైగా ఎన్నిక ఆపినందుకు ఏ ప్రభుత్వానికీ శిక్ష లేదు, కుర్చీ కదలదు.

నా మటుకు నాకు, డివిజన్ల విభజన, రిజర్వేషన్ల ఖరారు ప్రభుత్వం చేతిలోంచి తీసి ఎన్నికల కమిషన్‌కే అప్పగించాలి. అవి రెండూ ప్రభుత్వం దగ్గరున్నంత కాలం కమిషనర్ ఎంత మొనగాడైనా నోటిఫికేషన్ ఇవ్వలేడు. ఈ మార్పు కోరుతూ ఏ పార్టీ అయినా మేనిఫెస్టోలో ఒక్క లైను రాస్తుందా అంటే, ఆ పద్నాలుగేళ్లలో మూడు పార్టీలకూ ఈ ఏర్పాటు హాయిగానే ఉన్నట్టుంది మరి.