తేలే డిస్కు, తేలని తగువు

మనుషుల్లో రెండే జాతులున్నాయని నాకు ఈమధ్యే తెలిసింది. మోటార్‌సైకిల్ ముందు చక్రానికి ఫ్లోటింగ్ డిస్క్, అంటే కాస్త కదిలే బ్రేకు రేకు, ఉన్నవాళ్ళు ఒకటి, కదలని సాలిడ్ డిస్క్‌తో ఎలాగో బతుకీడుస్తున్నవాళ్ళు రెండోది. నేను రెండో జాతి. నా స్నేహితుడొకడు మొన్న ఆదివారం పొద్దున దాకా నాతోనే ఉండి, మధ్యాహ్నానికల్లా పై జాతిలోకి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఎదురుపడితే చాలు, "ఇంకా సాలిడ్డేనారా?" అంటాడు. ఇంకా జ్వరం తగ్గలేదా అని అడిగే గొంతుతో.

అక్కడితో ఆగితే నేనూ ఊరుకునేవాణ్ణి. నా బండి ముందు గొంతుక్కూర్చుని, రెండు వేళ్ళతో డిస్కు అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా అటూ ఇటూ కదిపాడు. అది కదల్లేదు. కదలదు కూడా, ఒకే రేకు, చక్రం నడిమి హబ్బుకి బోల్టులతో బిగించి ఉంది. పెదవి విరిచి లేచి, నన్ను తన బండి దగ్గరికి లాక్కెళ్ళి, బంగారు రంగు బటన్లతో మెరిసిపోతున్న డిస్కుని అలాగే కదిపాడు. టిక్కు. "విన్నావా?" విన్నాను. మళ్ళీ కదిపాడు. టిక్కు, టిక్కు. "ఇదిరా ఇంజనీరింగంటే!" అటుగా వెళ్తున్న పెద్దాయనొకాయన ఆగి, "ఏదైనా లూజయిందా బాబూ?" అనడిగాడు పాపం, సాయం చేద్దామనే. మావాడు ఆయన్నీ వదల్లేదు, వంగోబెట్టి మరీ వినిపించాడు. ఆయన శ్రద్ధగా విని, "స్పానర్ తెస్తే బిగించేద్దాం" అన్నాడు. ఆ పెద్దాయన్ని గుర్తుపెట్టుకోండి.

ఇంతకీ ఫ్లోటింగ్ డిస్క్ బూటకమా అంటే, కాదు. బండీ మనిషీ కలిపి 250 కిలోలనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే దాదాపు 96 వేల జౌళ్ళ శక్తి వదిలించుకోవాలి. అందులో ఎక్కువ భాగం వేడిగా మారేది ముందు డిస్కులోనే. బ్రేకు ప్యాడ్లు రాసుకునే బయటి రింగు కాగిపోయి సాగాలని చూస్తుంది, అంత వేడెక్కని మధ్య భాగం దాన్ని సాగనివ్వదు. సాగే దారి లేని రింగు చివరికి పళ్ళెంలా ఓ పక్కకి వంగుతుంది. ఇది జరక్కుండానే రింగునీ మధ్య భాగాన్నీ విడివిడిగా చేసి, బాబిన్లతో, అదే మన బటన్లతో, కలుపుతారు. రింగు తన మానాన తను సాగుతుంది. రేసు ట్రాక్ మీదా, కొండ దిగుతూ గంటసేపు బ్రేకు నొక్కేవాళ్ళకీ ఇది నిజంగా పనికొచ్చే వస్తువు. మావాడు రోజూ వెళ్ళేది 40 వేగంతో. అదే 250 కిలోలకి 40 దగ్గర లెక్క 15 వేల జౌళ్ళు, అంటే ఆరో వంతు. ఆ వేడికి రింగు సాగడం మాట అటుంచి, ఒళ్ళు విరుచుకోవడానిక్కూడా బద్ధకిస్తుంది.

రెండో సంగతి క్యాలిపర్, అంటే పిస్టన్లతో ప్యాడ్లని డిస్కుకేసి నొక్కే పట్టు. రెండు వైపులా పిస్టన్లుండే ఫిక్స్‌డ్ క్యాలిపర్ కదలదు, కాబట్టి డిస్కే ఓ వెంట్రుక అటూ ఇటూ జరిగి మధ్యలోకి సర్దుకుంటే మంచిది. ఒకవైపే పిస్టనుండే క్యాలిపరైతే పిన్నుల మీద తనే జరుగుతుంది. ఇంట్లో సర్దుకుపోయేవాళ్ళు ఒకరుంటే చాలు కదా. మా ఇద్దరి బళ్ళకీ ఉన్నది ఆ జరిగే రకమే. ముందు ఫ్లోటింగ్ డిస్క్‌తో వచ్చే బళ్ళలో కూడా చాలావాటికి వెనకది సాలిడ్డే. దాన్ని తలుచుకుని ఎవరూ కుమిలిపోయినట్టు చూడలేదు.

సరే, ఇంత గొప్ప టిక్కు ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని నేనూ వంగాను. రింగుకీ మధ్య భాగానికీ నడుమ సందే లేదు. ఒకటే రేకు. బటన్లు ఊరికే అందానికి రివెట్ కొట్టినవి, చొక్కా మీద ఉత్తుత్తి జేబులాగా. మరి టిక్కు? అది ప్యాడ్లది. వాటిని పట్టి ఉంచాల్సిన స్ప్రింగు లేదు, డిస్కు కదిపినప్పుడల్లా ప్యాడ్లే లోపల కొట్టుకుంటున్నాయి. పెద్దాయన చెప్పిందే నిజం, లూజే అయింది.

ఇక్కడిదాకా నవ్వొచ్చింది. ఆ తర్వాత ప్యాడ్లు సరిగ్గా చూశాను, నవ్వు పోయింది. మందం అరిగి అరిగి కాగితమంత మిగిలింది, ఇంకొన్నాళ్ళు పోతే ఇనుమూ ఇనుమూ రాసుకోవడమే. బ్రేక్ ఆయిల్ నల్లగా డికాక్షన్‌లా ఉంది. ఎప్పుడు మార్చావురా అంటే, "అది కూడా మారుస్తారా?" అన్నాడు. మార్చాలిరా! అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది, మరిగితే ఆవిరి బుడగలొచ్చి బ్రేకు లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్ళకోసారి మార్చమని బండితో ఇచ్చే పుస్తకాల్లో రాసి ఉంటుంది, చదివి చావరు. ఈ బండి మీదే రోజూ వాడి కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ పిల్లకి తెలుసా, తన ప్రాణం కాగితమంత మందం మీద నడుస్తోందని? ఇక ఆ రేకుకి బంగారు బటన్లు కొట్టి ఫ్లోటింగ్ అని అమ్మినవాడున్నాడే, వాడు అమ్మింది స్టిక్కర్ కాదు, అద్దం కాదు, బ్రేకు. బ్రేకులో అబద్ధం అమ్మేవాణ్ణి అదే బండెక్కించి ఘాట్ రోడ్డు దింపించాలి. డిస్కు మీద, ఇంతకన్నా అరిగితే పారెయ్యమని కనీస మందం మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది సాధారణంగా. వాడి డిస్కు మీద ఎంత వెతికినా కనబళ్ళేదు. బటన్లకే చోటు సరిపోయినట్టుంది.

కాసేపు అరిచాను. మావాడు తలొంచుకుని విన్నాడు. పాత డిస్కు తిరిగి పెట్టించి, పిన్నులకి గ్రీజు రాయించి, ఆయిల్, ప్యాడ్లు రేపే మార్పిస్తానన్నాడు. బండి స్టార్ట్ చేసి, నాలుగడుగులు పోయి, ఆగి వెనక్కి తిరిగాడు.

"ప్యాడ్లు బంగారు రంగులో దొరుకుతాయంటావా?"

దొరుకుతాయనే చెప్పాను. ముందు మార్చనీ.