కొండ ఊరికి నగరం ప్లాంటు ఎందుకు?

నీరు పల్లమెరుగు. కొండల్లో మురుగునీటి శుద్ధి గురించి మాట్లాడేవాళ్లు ముందు పట్టుకోవాల్సిన మాట ఇదే. కానీ మూడు వందల మంది ఉన్న ఊరికి కూడా నగరంలో పెట్టే ప్లాంటునే కుదించి పట్టుకొస్తున్నారు. అవే కాంక్రీటు ట్యాంకులు, అవే మోటార్లు, అదే కంట్రోల్ ప్యానెల్. ఇది తప్పు దారి అని నా గట్టి అభిప్రాయం.

కొండ మీద మురుగు ఎవరింటి దగ్గరా ఆగదు. పై ఇంటివాళ్ల ఇంకుడు గుంటలోకి దిగింది కింది వాడవాళ్ల తాగునీటి ఊటలో తేలుతుంది. మట్టి పొర పలచన, దాని కింద పగుళ్లున్న రాయి. వడకట్టే దిక్కేది? సెప్టిక్ ట్యాంకు కట్టేశాం కదా అని ఊరుకుంటే కుదరదు. అందులో బరువైన మడ్డి అడుగుకు దిగుతుంది కానీ, బయటికొచ్చే నీళ్లలో రోగాలు తెచ్చే క్రిములు దండిగా మిగిలే ఉంటాయి.

గాలి ఊది సూక్ష్మజీవులను పెంచి, వాటి చేత మురుగును తినిపించే యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి 1914లో మాంచెస్టర్‌లో వెలుగు చూసింది. నగరాలకు అది వరమే. అయితే ఆ జీవులకు గాలి ఆగకూడదు, మేత ఒక్కసారిగా పెరగకూడదు, తగ్గకూడదు. కొండ ఊళ్లో గాలివానకు చెట్టు పడితే రోజుల తరబడి కరెంటుండదు. సీజన్‌లో టూరిస్టులతో ఊరు కిటకిటలాడుతుంది, తర్వాత బోసిపోతుంది. గాలి ఊదే బ్లోయర్ బెల్టు తెగితే మెకానిక్ కింద పట్నం నుంచి రావాలి. అతను వచ్చేలోపు ట్యాంకులో గోధుమరంగు నీళ్లు నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడతాయి. ఆ జీవులను మళ్లీ పెంచుకోవడానికి వారాలు పడుతుంది.

ఫ్రాన్స్ పల్లెలు ఇంకో దారి పట్టాయి. 1980ల నుంచి అక్కడ గులకరాళ్ల మడుల్లో రెల్లు జాతి మొక్కలు పెంచి, వాటి మీదికే నేరుగా మురుగు వదులుతున్నారు. ఇప్పుడు అలాంటి ఊళ్లు వేలల్లో ఉన్నాయి. చెత్తను జాలీతో ఆపుతారు, మిగతాదంతా మడి మీదికే. వాలు చాలినంత ఉంటే కరెంటే అక్కర్లేదు, నిండగానే దానంతటదే ఖాళీ అయ్యే సైఫన్ తొట్టి నుంచి నీళ్లు ఒక్క ఊపున మడి మీద పరుచుకుంటాయి. పైన మడ్డి పొర అట్టకడుతుంది. గాలికి రెల్లు కాడ ఊగినప్పుడల్లా దాని మొదలు చుట్టూ ఆ అట్ట విచ్చుకుని సన్నని సందు ఏర్పడుతుంది, నీళ్లు అందులోంచి దిగిపోతాయి. మొదటి దశలో మూడు మడులు. ఒకటి మూడున్నర రోజులు పనిచేస్తే మిగతావి ఆరుతుంటాయి. వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు వచ్చి వాల్వు తిప్పాలి. పోగైన మడ్డిని పది, పదిహేనేళ్లకోసారి తీస్తే చాలు.

చలికి జీవులు మందగిస్తాయి, చదునైన నేల దొరకదు అనేవాళ్లున్నారు. చలి మాట నిజమే. నీళ్లు 10 డిగ్రీల లోపు చల్లబడితే మురుగులోని అమోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా బాగా నెమ్మదిస్తుంది. 1991 నాటి యూరప్ మురుగునీటి చట్టం కూడా 1,500 మీటర్ల పైన శుద్ధి విషయంలో సడలింపు ఇచ్చింది. కానీ ఆ చలి కాంక్రీటు ట్యాంకును మాత్రం వదిలిపెడుతుందా? ఇక నేల సంగతి. మనిషికి సుమారు 2 చదరపు మీటర్లు చొప్పున, మూడు వందల మందికి 15 సెంట్లు చాలు. మెట్ల పొలాలు చెక్కుకుని బతికే ఊళ్లకు ఇంకో మూడు మెట్లు చెక్కడం పెద్ద పనా?

అసలు జబ్బు వేరే ఉంది. కట్టడానికి నిధులిస్తాం, నడపడానికి ఇవ్వం. రోడ్డయినా, బడయినా, నీళ్ల ట్యాంకయినా ఇదే వరస. ప్రారంభోత్సవం నాడు ఫొటోలు దిగినవాళ్లు మూడేళ్ల తర్వాత ఆ పంపు తిరుగుతోందో లేదో చూడటానికి రారు. బాగోగులు చూసే పని పనిగానే లెక్కకు రాదు. దానికి జీతం ఉండదు, గౌరవమూ ఉండదు. యంత్రం ఆగితే మాత్రం ఊరివాళ్లకు చేతకాదని తేల్చేస్తారు. ఎంత అన్యాయం!

అందుకే టెండరు పిలిచే ముందు ఆ ఊళ్లోనే ఒక మనిషిని ఎంచి, నెల జీతం ఖాయం చేసి, వాల్వు తిప్పడం, జాలీ కడగడం, రెల్లు కోయడం నేర్పాలి. అతని జీతం పదేళ్లపాటు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద చూపించాలి. అది చూపించలేని ప్రాజెక్టుకు సంతకం పెట్టకూడదు.