మెడెయిన్ కొండవాడల సంగతి కూడా రాయండి

నగరాల్లో కుర్రాళ్ల ముఠా దాడులు తగ్గాలంటే పోలీసు గస్తీ పెంచడమే దారి అన్నారు వ్యాసకర్త. నేను సగమే ఒప్పుకుంటాను. కొలంబియాలోని మెడెయిన్‌నే చూడండి. 1991లో అక్కడ లక్ష జనాభాకు దాదాపు 380 హత్యలు. కొండవాలు పేటల కుర్రాళ్లకు కింద నగరంలో పని దొరికినా, రానూపోనూ గంటలు పట్టేది. ముఠాలైతే గుమ్మం ముందుకే వచ్చి డబ్బు చూపించేవి. 2004లో ఆ కొండల మీదికి కేబుల్ కార్లు వేసి మెట్రో రైలుకు కలిపారు. మేయర్ సెర్హియో ఫహార్దో హయాంలో నిరుపేద వాడల్లోనే నగరం గర్వపడే గ్రంథాలయాలు, బడులు కట్టారు. నగరానికి సొంతమైన విద్యుత్తు, నీటి సంస్థ లాభాలు ఇందుకు ఆసరా అయ్యాయి (మన పాలకులు గమనించాల్సింది ఇదే). కేబుల్ కారు వచ్చిన పేటల్లో హత్యలు, అది రాని అలాంటి పేటల్లో కంటే చాలా ఎక్కువ తగ్గాయని పరిశోధకులు తేల్చారు. అంతా దీనివల్లే అనను. 2002 నాటి సైనిక చర్య, సాయుధ ముఠాల ఆయుధ విసర్జన కూడా ఉన్నాయి.

చికాగోలో 2012లో 8 వారాల వేసవి ఉద్యోగాలు ఇచ్చిన హైస్కూలు పిల్లల్లో, తర్వాతి 16 నెలల్లో హింసాత్మక నేరాల అరెస్టులు, ఆ ఉద్యోగాలు దొరకని అలాంటి పిల్లల కంటే 43 శాతం తక్కువ. గస్తీ ఖర్చు పక్కన ఈ లెక్కా పెట్టి ఇంకో వ్యాసం రాయండి, దయచేసి.