విమానం ఎక్కినంత మాత్రాన కష్టాలు తీరలేదు
ఒక శరణార్థి గురించిన వ్యాసంలో ‘అమెరికా విమానం ఎక్కిన రోజుతో ఆయన కష్టాలు తీరిపోయాయి’ అని రాశారు. నాకు పేచీ అక్కడే. మేం అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉన్నప్పుడు మా పక్కింటి పెద్దాయన ఒకప్పుడు దక్షిణ వియత్నాం సైన్యంలో కెప్టెన్. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తర వియత్నాం కమ్యూనిస్టుల వశమయ్యాక, కొత్త ప్రభుత్వం వాళ్లు పది రోజులకు సరిపడా సామాను తెచ్చుకోమని పిలిచి ఆరేళ్లు ‘పునర్విద్య’ శిబిరంలో, అంటే పేరు మార్చిన జైల్లో, ఉంచారట. బయటికొచ్చాక చేపల పడవలో మలేషియాలోని బిడోంగ్ దీవిలో ఉన్న శరణార్థుల శిబిరానికి చేరి, ఏదో ఒక దేశం రానిస్తుందని ఏడాదికి పైగా అక్కడే ఎదురుచూశారు. పడవ సంగతి అడిగితే మాత్రం ఏదో నవ్వేసి టాపిక్ మార్చేసేవారు. సరే, అమెరికా వచ్చారు. వచ్చి చేసిందేమిటి? కెప్టెన్‌గారు రాత్రిళ్లు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో నేల తుడిచారు, భార్య పగలు సర్క్యూట్ బోర్డులు అతికించారు. ఇద్దరూ కలిసి అన్నం తినేది ఆదివారం ఒక్కరోజే. అక్కడ పుట్టిన మనవలకు వియత్నామీస్ రాదు, ఈయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మా పిల్లలు మా అమ్మతో ఫోన్లో తంటాలు పడుతుంటే ఆయనే గుర్తొస్తారు. అయితే మాకు టికెట్ కొనుక్కుని వెళ్లడానికి ఊరుంది. ఆయన మాత్రం ఏటా ఏప్రిల్ 30న గుమ్మానికి దక్షిణ వియత్నాం పాత పసుపు జెండా కట్టి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.